మడమలో పెరిగిన ఎముక – కోయించుకోవలసినదేనా?



గత సంవత్సరము నాట్లు ముగిసిన రోజులలో ఒక ఆదివారము మేము ఒక చిన్న గ్రామ సంఘమును దర్శించాము. ఆరాధన ముగిసి అందరూ ఇళ్ళకు బయలుదేరారు. నలభై అయిదేళ్ళ సహోదరి ఒకామె మాత్రము మందిరము మెట్టు మీదనే కూర్చుండిపోయింది. కొంతసేపటికి గోడ పట్టుకొని లేచింది. మొదటి అడుగు మునివేళ్ళ మీద వేసింది. రెండవ అడుగుకు కళ్ళు గట్టిగా మూసుకొన్నది. పది పదిహేను అడుగులు అలా కుంటిన తరువాత గాని ఆమె నడక దారికి రాలేదు.

"ఏమైందమ్మా?" అని అడిగాము. ఆమె భర్త చేతిలోని సంచిలోనుండి పెద్ద కవరు తీసి, అందులోని ఎక్స్‌రే ఫొటోను ఎండకు ఎత్తి పట్టుకొన్నాడు.

"మడమలో ఎముక పెరిగిందంట అయ్యగారూ. ఇదిగో, తుమ్మముల్లులాగ ఎట్లా ఉందో చూడండి. కోసి తీసేస్తే గాని నడక రాదని పట్నంలో చెప్పారు. కమ్మలు తాకట్టు పెట్టాము. బుధవారం రమ్మన్నారు" అన్నది ఆమె. చూస్తే ఆమె చెవులకు కమ్మల బదులు చీపురుపుల్ల ముక్కలు ఉన్నాయి.

ఆ ఫొటోను మేము మరునాడు మాకు తెలిసిన ఒక ఎముకల వైద్యునికి చూపించాము. "ఈ ముల్లు ఎటూ పారిపోదు. కాలికి ఆరు నెలలు మామూలు వైద్యము చేసి చూడమనండి. ఆ తరువాత కత్తి సంగతి ఆలోచించవచ్చు" అన్నారాయన. బుధవారపు ప్రయాణము ఆగింది.

ఇటువంటి కవరు పట్టుకొని తిరుగుచున్నవారు మన ఊళ్ళలో అనేకులు. మడమ నొప్పి పది మందిలో ఒకరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని వైద్యుల అంచనా. కావున ఈ నెల ఈ శీర్షికలో మడమలో పెరుగు ఎముకను గూర్చి తెలిసికొందము.

పాదము ఒక విల్లు

మన ఒక్కొక్క పాదములో 26 ఎముకలు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె పెద్దది మడమ ఎముక. నిలబడినప్పుడు మన బరువులో ఎక్కువ భాగము దాని మీదనే పడుతుంది. అందుకొరకే మడమ క్రింద దళసరి కొవ్వు పొర ఒకటి దిండువలె అమర్చబడి ఉంది.

పాదమును ప్రక్కనుండి చూడండి. మడమకు, వ్రేళ్ళ మొదళ్ళకు మధ్య నడిమి భాగము కమానువలె పైకి లేచి ఉంటుంది. ఇది విల్లు అనుకొంటే, దీనికొక అల్లెతాడు కూడ ఉంది. మడమ ఎముక అడుగున పుట్టి, అరికాలి పొడవునా సాగి, వ్రేళ్ళ మొదళ్ళను పట్టుకొను బలమైన నారపట్టీ అది. వైద్యులు దీనిని ప్లాంటార్ ఫేషియా అంటారు. మనము అడుగు వేసినప్పుడెల్ల ఈ పట్టీ బిగిసి, కమాను కూలిపోకుండ పట్టి ఉంచుతుంది.

ఈ పట్టీ మడమ ఎముకను అంటుకొన్న చోట ఏళ్ళ తరబడి లాగుడు, ఒత్తిడి పడుచుండగా శరీరము అక్కడ కొద్దికొద్దిగా కొత్త ఎముకను పేర్చుతుంది. చేతిలో పార పట్టీ పట్టీ అరచేయి కాయ కాచినట్లే ఇదియు ఒక విధముగ కాయ కాయుటయే. నెలలలో కాదు, సంవత్సరాల మీద జరుగు పని ఇది. దీనినే మనవారు ఎముక పెరిగింది అంటారు. వైద్యులు కాల్కేనియల్ స్పర్ అంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఎక్స్‌రేలో ఇది సూదిగా ముల్లువలె కనబడుటకు కారణము, ఆ ఫొటో ప్రక్కనుండి తీసిన నీడ వంటిది. నిజానికి అది ఇంటి చూరువలె అడ్డముగా ఉండు ఎముక అంచు. అంతేకాదు, దాని మొన సాధారణముగా నేల వైపునకు ఉండదు, వ్రేళ్ళ వైపునకు ఉంటుంది. కావున అడుగు వేసినప్పుడెల్ల అది మాంసములో గుచ్చుకొనుచున్నదనుకొనుట సరికాదు.

నింద ముల్లు మీద ఎందుకు పడింది?

1895లో జర్మనీ దేశములో రాంట్‌జెన్ అను శాస్త్రవేత్త ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నాడు. అంతవరకు బ్రదికియున్న మనిషి ఎముకలను కోయకుండ చూచినవారు లేరు. అయిదేళ్ళు తిరుగకముందే, 1900లో, ప్లెట్నర్ అను జర్మను వైద్యుడు మడమ క్రింది ఈ ముల్లును గూర్చి వ్రాసి దానికి పేరు పెట్టాడు. మడమ నొప్పి గలవాని ఫొటోలో ముల్లు కనబడితే, నొప్పికి అదే కారణమని ఎవరికైనా తోచును గదా! ఆ తలంపు నూరేళ్ళకు పైగా నిలిచిపోయింది.

కాని తరువాత వైద్యులు నొప్పి లేనివారి మడమలను కూడ ఫొటో తీసి చూచారు. ఏ బాధ లేక తిరుగుచున్న పది మందిలో ఒకరిద్దరికి ఈ ముల్లు కనబడింది. మరొకవైపు, మడమ నొప్పితో బాధపడువారిలో ఇంచుమించు సగము మందికి ముల్లే లేదు. అంతేకాదు, మామూలు వైద్యముతో నొప్పి పూర్తిగా పోయినవారికి మరల ఫొటో తీస్తే, ముల్లు ఉన్నచోటనే ఉంది!

దొంగతనము జరిగిన ఇంటి వాకిట నిలబడినవాడినెల్ల దొంగ అనగలమా? ముల్లు సంగతియు అంతే. అక్కడ ఉన్న మాట నిజమే. పట్టీ మీద చాలాకాలముగా భారము పడుచున్నదనుటకు అది సాక్షి. కాని చాలామందిలో నొప్పి పుట్టించునది ముల్లు కాదు, దాని ప్రక్కనున్న నారపట్టీ. అది ఎముకను అంటుకొన్న చోట అలసి, పోగులు తెగి, దళసరి ఎక్కుతుంది. ఈ జబ్బునకు ప్లాంటార్ ఫేషియైటిస్ అని పేరు.

మొదటి అడుగే ఎందుకు నరకము?

రాత్రి పండుకొన్నప్పుడు పాదము క్రిందికి వ్రాలి ఉంటుంది. అల్లెతాడు వదులై, కుదించుకొని ఉంటుంది. తెల్లవారి మంచము దిగి బరువంతా ఒక్కసారి మోపగానే, ఆ అలసిన పట్టీ ఉన్నట్టుండి సాగవలసి వస్తుంది. అందుకే మేకు దిగినట్లు నొప్పి. పది ఇరువది అడుగులు వేసేసరికి అది కొంచెము సాగి నొప్పి తగ్గుతుంది. చాలాసేపు కూర్చొని లేచినప్పుడు కూడ ఇంతే. మరల రోజంతా నిలబడి పనిచేస్తే సాయంత్రానికి నొప్పి తిరుగబెడుతుంది. మెట్టు మీదనుండి లేచిన ఆ సహోదరికి కలిగిన బాధ ఇదే.

బొటనవ్రేలితో మడమ అడుగున, లోపలి వైపునకు నొక్కి చూస్తే ఒక్కచోట మిక్కుటముగా నొప్పి ఉంటుంది. ఈ రెండు గుర్తులను బట్టియే వైద్యుడు చాలావరకు జబ్బును పోల్చగలడు. ఎక్స్‌రే అందరికీ అవసరము లేదు. ఎముక చిట్లినదేమో, వేరే జబ్బేమో అను సందేహము ఉన్నప్పుడే అది ఉపయోగము.

ఈ నొప్పి ముఖ్యముగా నలభై నుండి అరువది ఏండ్ల మధ్యవారికి ఎక్కువ. బరువు పెరిగినవారు, గట్టి నేల మీద గంటల తరబడి నిలబడి పనిచేయువారు, పిక్క కండరాలు బిగుసుకొనిపోయి పాదము పైకి వంగనివారు దీని పాలబడుదురు. వంట చేయువారు, ఉపాధ్యాయులు, నర్సులు, కూలి పనివారు వీరిలో ఉన్నారు. పూర్వము మన ఇళ్ళలో మట్టి అలుకు నేలలు ఉండేవి. ఇప్పుడు సిమెంటు, బండలు, టైల్సు వచ్చాయి. వాటి మీద వట్టి కాళ్ళతో రోజంతా తిరుగుట నొప్పి ఉన్న మడమకు మంచిది కాదు.

పాదములో ఎముక పెరుగు చోట్లు ఇంకను ఉన్నాయి. మడమ వెనుక, పిక్కనుండి దిగు పెద్ద నరము వంటి నార అంటుకొను చోట పెరిగితే, చెప్పు పట్టీ రాచుకొని వాచి నొప్పి పెడుతుంది. అటువంటివారు వెనుక ఒరుసుకొనని మెత్తని చెప్పులు ధరించవలెను. బొటనవ్రేలి మొదట పెరిగితే వ్రేలు పైకి వంగదు. అడుగు వేసి ముందుకు నెట్టునప్పుడు నొప్పి కలుగుతుంది. వారికి అడుగు భాగము గట్టిగా ఉండి వంగని చెప్పు హాయి. పాదము పైభాగములో పెరిగితే చెప్పు పట్టీ ఒత్తకుండ చూచుకొనుట మేలు.

ఇంటి వద్ద చేయదగినవి

మడమ నొప్పికి మొదటి వైద్యము ఆసుపత్రిలో లేదు, మంచము మీదనే ఉంది.

1. మంచము దిగకముందు: నొప్పి గల కాలిని రెండవ మోకాలి మీద వేసికొని, చేతితో ఆ పాదపు వ్రేళ్ళను ముంగాలి వైపునకు వెనుకకు లాగవలెను. రెండవ చేతితో అరికాలిని తాకి చూస్తే పట్టీ తాడువలె బిగిసి తెలుస్తుంది. పది అంకెలు లెక్కపెట్టువరకు అలా పట్టి ఉంచి వదలవలెను. ఇట్లు పదిసార్లు. రోజుకు మూడు పర్యాయములు, అందులో మొదటిది తప్పక నేల మీద కాలు పెట్టకముందే చేయవలెను. వంగలేనివారు తువ్వాలును వ్రేళ్ళకు తగిలించి లాగవచ్చును. 2003లో అమెరికా వైద్యులు, చాలాకాలముగా మడమ నొప్పితో ఉన్న 101 మందిని రెండు గుంపులుగా చేసి, ఈ సాధనను పిక్కను సాగదీయు సాధనతో పోల్చి చూచారు. ఎనిమిది వారముల తరువాత ఈ సాధన చేసినవారే ఎక్కువ మేలు పొందారు.

2. పిక్కను సాగదీయుట: గోడకు ఎదురుగా నిలిచి రెండు చేతులు ఆనించి, నొప్పి కాలిని వెనుకకు పెట్టి, మడమ నేలను వదలకుండ, ముందు మోకాలిని వంచవలెను. వెనుక పిక్క లాగుచుండగా ముప్పై లెక్కపెట్టి వదలవలెను. ఇట్లు మూడుసార్లు. పిక్క బిగువు సడలితే అరికాలి పట్టీ మీద లాగుడు తగ్గుతుంది.

3. మడమ ఎత్తుట: నొప్పి కొంచెము తగ్గిన తరువాత, పట్టీకి బలము చేకూర్చుటకు ఇది. మెట్టు అంచున, చుట్టిన తువ్వాలు మీద వ్రేళ్ళు ఉంచి, గోడ పట్టుకొని, మెల్లగా మూడు లెక్కపెట్టుచు మడమను పైకెత్తి, రెండు లెక్కల సేపు నిలిపి, మరల మూడు లెక్కలలో దించవలెను. మొదట రెండు కాళ్ళతో చేసి, అలవాటైన తరువాత ఒక్క కాలితో చేయవలెను. పన్నెండు మార్లు ఒక విడత. ఇటువంటివి మూడు విడతలు, దినము విడిచి దినము. డెన్మార్కు దేశపు పరిశోధకులు 2014లో ప్రచురించిన పరీక్షలో ఈ విధముగా చేసినవారికి మూడు నెలలలో మంచి గుణము కనబడింది.

4. చెప్పులు: అరిగి పలుచబడిన రబ్బరు చెప్పులను పారవేయవలెను. మడమ క్రింద మెత్తగా, కొంచెము ఎత్తుగా ఉండి, పాదపు కమానుకు ఆనుకొను చెప్పులు కావలెను. మన పట్టణాలలో దొరకు ఎం.సి.ఆర్. చెప్పులు చాలామందికి సరిపోవును. ఇంటిలోపల వాడుటకు ఒక జత వేరుగా ఉంచుకొనవలెను. ఖరీదైన జోళ్ళే కావలెనని లేదు.

5. చల్లని కాపడము: సాయంత్రము నొప్పి పెరిగినప్పుడు, చల్లని నీళ్ళ సీసాను నేల మీద పెట్టి అరికాలితో అటు ఇటు దొర్లించవచ్చును. పది నిమిషములు చాలును. మధుమేహము గలవారు, పాదములో స్పర్శ తగ్గినవారు దీనిని చేయరాదు.

6. భారము తగ్గించుట: బరువు ఎక్కువగా ఉన్నవారు కొంత తగ్గినను పాదమునకు మేలు. వంట దగ్గర పీటో, స్టూలో వేసికొని కూరగాయలు తరుగుట, రోటి పని కూర్చొని చేయుట మంచిది. మంచము ఎక్కి కదలకుండ పండుకొనమని కాదు దీని అర్థము. నొప్పిని రెచ్చగొట్టు పనిని కొంతకాలము తగ్గించవలెనని మాత్రమే. మందిరములో చెప్పులు బయట విడిచి చాలాసేపు నిలబడు అలవాటు మనకున్నది. మడమ నొప్పి గలవారు ఆ సమయములో కూర్చొని ఉండుటలో తప్పేమియు లేదు. సంఘ పెద్దలు వారికొక కుర్చీ వేయించుట మేలు.

ఇవన్నియు చేసినను వారములో పోవు నొప్పి కాదిది. నెలలు పడుతుంది. పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి సంవత్సరములోగా కోత లేకుండనే నొప్పి పోవుచున్నది. నాలుగు రోజులు చేసి "గుణము లేదు" అని మానివేయువారే ఎక్కువగా కత్తి వద్దకు చేరుచున్నారు.

మందులు, సూదులు, కోత

నొప్పి మరీ ఎక్కువైన రోజులలో పారాసిటమాల్ వంటి మాత్ర వేసికొనవచ్చును. దుకాణములో అడిగి తెచ్చుకొను ఇతర నొప్పి మాత్రలను రోజుల తరబడి మ్రింగరాదు. కడుపులో పుండ్లు పడును. మూత్రపిండములు చెడును. రక్తపోటు, మధుమేహము, ఉబ్బసము గలవారు వైద్యుని అడుగకుండ వాటిని ముట్టరాదు. పేరు లేని పొట్లములలో ఇచ్చు చూర్ణములు, మాత్రలు "రెండు రోజులలో లేచి పరుగెత్తిస్తాయి" అంటే నమ్మవద్దు. వాటిలో స్టిరాయిడ్లు కలిపి ఉండవచ్చును. ముఖము ఉబ్బి, చక్కెర పెరిగి, ఎముకలు గుల్లబారిన తరువాత గాని ఆ సంగతి బయటపడదు. పెరిగిన ఎముకను కరగించు మాత్ర గాని, నూనె గాని, ఆకు గాని లేదు.

మడమలో స్టిరాయిడ్ సూది వేయుట ఒక పద్ధతి. దాని వలన కొన్ని వారములు ఉపశమనము కలుగును. కాని మాటిమాటికి వేయించుకొంటే మడమ క్రింది కొవ్వు దిండు అరిగిపోవచ్చును. నారపట్టీ తెగిపోవచ్చును. కావున అవసరమును బట్టి, అనుభవము గల వైద్యుని చేతనే వేయించుకొనవలెను. ధ్వని తరంగాలతో చేయు షాక్‌వేవ్ చికిత్స పెద్ద పట్టణాలలో ఉంది. నెలల తరబడి తగ్గనివారికి వైద్యులు దానిని సూచించుచున్నారు.

ఇక శస్త్రచికిత్స. అది అసలే కూడదని మేము చెప్పుట లేదు. ఆరు నెలలనుండి సంవత్సరము వరకు పై వైద్యము శ్రద్ధగా చేసినను తగ్గక, నడక కష్టమైన కొద్దిమందికి అది అవసరము కావచ్చును. అప్పుడును ముఖ్యముగా చేయునది నారపట్టీ బిగువును కొంత విడిపించుట. ముల్లును మాత్రమే చెక్కివేస్తే నొప్పి పోవునను హామీ లేదు. కోత తరువాత కొందరికి మడమ తిమ్మిరెక్కుట, కమాను కూలుట, నొప్పి మిగిలిపోవుట గలదు. కావున ఎవరైనను ఫొటో చూడగానే "కోయవలెను" అంటే, మీరు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: "అయ్యా, కోయక ముందు చేయదగిన వైద్యమంతా మాకు అయిపోయినదా?" ఈ ప్రశ్న అడుగుట అమర్యాద కాదు. మంచి వైద్యుడు దీనికి ఓపికగా జవాబిస్తాడు. వీలైతే మరొక వైద్యుని కూడ అడిగి చూడండి.

వేడి ఇటుక, జిల్లేడాకు

మన పల్లెలలో కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమతో అదుముట పాత పద్ధతి. వెచ్చని కాపడము వలన కొంతసేపు హాయిగా ఉండుట నిజమే. దానికి గోరువెచ్చని నీళ్ళు చాలును. జిల్లేడు పాలు చర్మమును పొక్కించును. కంటిలో పడితే కన్నునకే ముప్పు. వాతలు పెట్టించుకొనుట ఎంతమాత్రమును కూడదు.

మధుమేహము గలవారి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. వారి పాదములలో స్పర్శ క్రమముగా తగ్గిపోవును. ఇటుక కాలుచున్నదని వారికి తెలియదు. మరునాడు బొబ్బ, వారమునకు పుండు, చివరకు కాలు తీయించుకొను స్థితి. మిషనరీ కుటుంబములో 1914లో జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠురోగుల చేతులకు, పాదములకు కలుగు గాయములను ఏళ్ళ తరబడి పరిశీలించారు. స్పర్శ పోయి నొప్పి తెలియకపోవుటయే వారి వ్రేళ్ళు చెడుటకు ముఖ్య కారణమని ఆయన చూపించారు. నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు అను సంగతి ఆయన పని వలన లోకమునకు బాగుగా తెలిసింది. మడమ నొప్పి కూడ అటువంటి కావలివాని కేకయే. దాని నోరు నొక్కుటకంటె, అది ఏమి చెప్పుచున్నదో వినుట మేలు.

ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

ఈ క్రింది గుర్తులలో ఏది ఉన్నను, ఇంటి వైద్యముతో కాలము గడపక వైద్యుని చూడవలెను.

– ఎత్తునుండి పడిన తరువాత లేక దెబ్బ తగిలిన తరువాత వచ్చిన నొప్పి, కాలు మోపలేకపోవుట.
– మడమ ఎర్రబారి, వాచి, వెచ్చగా ఉండుట, జ్వరము వచ్చుట.
– నడిచినప్పుడే గాక, రాత్రి పండుకొన్నను తగ్గని నొప్పి, కారణము లేక బరువు తగ్గుట.
– అరికాలిలో తిమ్మిరి, మంట, స్పర్శ లేకపోవుట.
– మధుమేహము గలవారికి పాదములో నొప్పి, పుండు, రంగు మారుట.
– యౌవనస్థులకు రెండు మడమల నొప్పితో పాటు తెల్లవారుజామున నడుము పట్టివేయుట. ఇది కీళ్ళకు సంబంధించిన వేరే జబ్బు కావచ్చును.
– ఎనిమిది నుండి పదునాలుగేళ్ళ లోపు ఆడుకొను పిల్లలకు మడమ నొప్పి. వారిలో ఇది సాధారణముగా ఎదుగుచున్న ఎముక భాగమునకు కలిగిన అలసట. ముల్లు కాదు.

ఫ్లోరైడు నీళ్ళ ప్రాంతములవారికి ఇంకొక మాట. మన దేశములో ఫ్లోరోసిస్ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్గొండ జిల్లా ప్రజలు దాని వలన పడిన బాధ మనకందరికి తెలిసినదే. ఆ నీళ్ళను ఏళ్ళ తరబడి త్రాగినవారి శరీరములో ఎముకలు చిక్కబడి, నారలు సైతము ఎముకగా మారి, పలుచోట్ల ముళ్ళు పెరుగును. మడమ నొప్పితో పాటు మెడ, నడుము, మోకాళ్ళు బిగుసుకొనుట, పండ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నవారు తమ త్రాగునీటిని పరీక్ష చేయించుకొనవలెను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు.

ఆ సహోదరి సంగతి

నాలుగు నెలల తరువాత మేము మరల ఆ గ్రామమునకు వెళ్ళాము. నొప్పి పూర్తిగా పోలేదు. "పొద్దున లేవగానే ఇంకా కొంచెం పోటుంది. కాని గోడ పట్టుకోనక్కరలేదు" అన్నది ఆమె. మొదటి నెల ఏ గుణమూ కనబడక, ఆపరేషనుకే పోదామని రెండుసార్లు అనుకొన్నదట. మూడవ నెలలో ఒకనాడు పొయ్యి దగ్గరికి నడిచి వెళ్ళిన తరువాత గాని, ఆ ఉదయము కుంటలేదని ఆమెకు తెలియలేదట.

ఆమె భర్తను మేము ప్రత్యేకముగా మెచ్చుకొన్నాము. తెల్లవారి బోరింగు నుండి నీళ్ళు మోయు పని ఆయన తీసికొన్నాడు. "నేను మంచం మీద కూర్చొని వేళ్ళు లాక్కుంటుంటే ఈయన బిందెతో పోతాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ అన్నాడు" అని ఆమె చెప్పి తానును నవ్వింది. మా మట్టుకు, ఆమె కాలికి కలిగిన మేలులో సగము ఆ బిందెదే అని తోచుచున్నది. మన ఇళ్ళలో స్త్రీ కాలు నొప్పి అంటే "అందరికీ ఉండేదే" అని ఊరకుందుము. విశ్రాంతి అవసరమని వైద్యుడు చెప్పినను, ఆమె పనిని అందుకొను చేయి లేకపోతే ఆ మాట ఆమెకు ఎట్లు మందగును? కావున మీ ఇంట ఎవరైనను తెల్లవారి మొదటి అడుగుకు గోడ పట్టుకొనుచున్నారేమో రేపు ఉదయము గమనించండి. వారికొక మెత్తని చెప్పుల జత కొనండి. వారి పనిలో ఒకటి మీరు అందుకొనండి.

మేము బయలుదేరునప్పుడు ఆమె వీధి చివరవరకు మాతో నడిచి వచ్చింది. చెవులకు కమ్మలు ఉన్నాయి. ముల్లు మాత్రము మడమలో ఎక్కడిదక్కడే ఉంది.